క్వేకర్లు: వారి విశ్వాసం, వారి ఆరాధన

క్వేకర్లు 17వ శతాబ్దంలో ఇంగ్లండులో పుట్టిన క్రైస్తవ సమాజం. తమను తాము వాళ్లు ‘మిత్రులు’ అని పిలుచుకుంటారు. వాళ్ల సంస్థ పేరు మిత్రుల సమాజం. ప్రపంచమంతా కలిపి సుమారు 4 లక్షల మంది ఉంటారు. సంఖ్యలో చిన్న సమాజమే. కానీ బానిసల వ్యాపారాన్ని రద్దు చేయించడంలో, జైళ్లను బాగుచేయడంలో, యుద్ధానికి ఎదురు నిలవడంలో ఈ కొద్దిమంది చేసిన పని చాలా పెద్దది. ఆ పనికి వేరు వాళ్ల ఆరాధనలో ఉంది. అందుకే క్వేకర్లను గురించి తెలుసుకోవాలంటే ముందు వాళ్లు ఆదివారం పొద్దున ఏం చేస్తారో తెలియాలి.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో చర్చి అనగానే జనం మనసులో ఒక రూపం మెదులుతుంది. ఇక్కడ 19వ శతాబ్దం చివర్లో వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు సంఘాలు కట్టారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు అవి అందులో కలిశాయి. ఇప్పుడు కరీంనగర్ డయాసిస్ కింద ఉన్నాయి. ఆదివారం గంట మోగుతుంది. కీర్తనలు పాడతారు, వాక్యం చదువుతారు, అయ్యగారు ప్రసంగం చేస్తారు, కానుక పడతారు. ప్రభు భోజనం ఉన్న వారం రొట్టె, ద్రాక్షరసం అందిస్తారు. పెంతెకొస్తు మందిరాల్లోనైతే వీటికి తోడు కీబోర్డు, మైకు, చప్పట్లు. క్వేకర్ల పాత పద్ధతి ఆరాధనలో వీటిలో ఒక్కటీ ఉండదు.

ఆరాధన జరిగే చోటును వాళ్లు చర్చి అనరు. కూటమి ఇల్లు అంటారు. మెదక్ చర్చిలో రంగుటద్దాల కిటికీలు చూసి వచ్చిన కళ్లకు కూటమి ఇల్లు బోసిగా కనిపిస్తుంది. శిలువ లేదు, బలిపీఠం లేదు, ప్రసంగ వేదిక లేదు. కుర్చీలో బెంచీలో ఎదురెదురుగా, లేదా గుండ్రంగా వేసి ఉంటాయి. అందరికీ అందరి ముఖాలు కనిపిస్తాయి. నడుమ ఒక చిన్న బల్ల, దాని మీద బైబిలు, సమాజం వారి పుస్తకం ఒకటి. ఆరాధనను ఎవరూ ప్రారంభించరు. మొదట వచ్చిన మనిషి వచ్చి నిశ్శబ్దంగా కూర్చుంటే అప్పటికే అది మొదలైనట్టు లెక్క. తర్వాత వచ్చినవాళ్లు ఆ నిశ్శబ్దంలోకే వచ్చి కూర్చుంటారు. మామూలుగా ఒక గంట సాగుతుంది.

ఆ గంటలో లోపల ఏం చేసుకోవాలో ఎవరూ ఆదేశించరు. కొందరు ప్రార్థిస్తారు. కొందరు ఒక వాక్యాన్ని మనసులో నెమరువేసుకుంటారు. కొందరు ఊపిరి మీద దృష్టి పెడతారు. మొదటి పది పదిహేను నిమిషాలు ఎవరికైనా కష్టమే. పొయ్యి మీద పెట్టి వచ్చిన కూర, కట్టవలసిన కిస్తీ, నిన్న ఎవరో అన్న మాట, అన్నీ ఒకదాని వెంట ఒకటి తోసుకొస్తాయి. వాటితో పోట్లాడకుండా, వాటి వెంట పోకుండా, మెల్లగా మనసును వెనక్కు తెచ్చుకోమని అనుభవమున్నవాళ్లు చెబుతారు. ధ్యాన శిబిరాలకు వెళ్లినవాళ్లకు ఇది తెలిసిన సంగతిలాగే తోస్తుంది. పోలిక కొంతవరకే నిజం. ధ్యానంలో ఎవరి సాధన వాళ్లది, పక్కన మనిషి ఉన్నా లేకున్నా తేడా లేదు. క్వేకర్ల మౌనం నలుగురు కలిసి చేసే పని. ఒక్కరు ఇంట్లో చేసుకునే ప్రార్థన దీనికి బదులు కాదని వాళ్ల నమ్మకం. దేవుడు తమతో ఏదైనా చెప్పదలిస్తే అది కూడివచ్చిన మనుషులందరికీ కలిపి చెబుతాడని, ఎవరి నోట ఆ మాట వస్తుందో ముందే తెలియదని వాళ్లు ఎదురుచూస్తారు. అది ఖాళీ నిశ్శబ్దం కాదు, ఎదురుచూపు.

ఆ ఎదురుచూపులో ఒకరికి లోపల ఒక మాట కదులుతుంది. వెంటనే లేచి చెప్పరు. ఇది తన ఒక్కరి కోసం వచ్చిందా, అందరి కోసమా? ఇప్పుడే చెప్పాలా, ఆగవచ్చా? తన గొంతు వినిపించుకోవాలన్న కోరిక ఏమైనా దీని వెనుక ఉందా? ఇన్ని విధాల తనను తాను తరచి చూసుకున్నాక కూడా ఆ మాట వదలకపోతే అప్పుడు లేచి నిలబడి, రెండు మూడు నిమిషాల్లో చెప్పి కూర్చుంటారు. పాస్టరే కానక్కరలేదు. వృద్ధురాలు కావచ్చు, కాలేజీ పిల్లవాడు కావచ్చు, ఆ రోజే మొదటిసారి వచ్చిన మనిషి కావచ్చు. ముందే రాసి తెచ్చుకున్న ప్రసంగం పనికిరాదు. చెప్పిన మాటకు జవాబు ఇవ్వడం, దాన్ని ఖండించడం, పొగడడం ఉండవు. విన్నవాళ్లు ఆ మాటను తమలోకి తీసుకునేందుకు కొంతసేపు మౌనం సాగాలి. ఆ తర్వాతే, అవసరమైతే, ఇంకొకరు లేస్తారు. గంటసేపూ ఒక్కరూ నోరు విప్పని ఆదివారాలు కూడా ఉంటాయి. అలాంటివాటినే గొప్ప ఆరాధనలుగా గుర్తుపెట్టుకునేవాళ్లు ఎందరో. చివర్లో, ఆ బాధ్యత అప్పగించిన ఇద్దరు పెద్దలు ఒకరి చేయి ఒకరు పట్టుకుంటారు. మిగతావాళ్లు కూడా పక్కవాళ్లతో చేతులు కలుపుతారు. అక్కడితో ఆరాధన ముగిసింది. తర్వాత ప్రకటనలు, చాయ్, కబుర్లు.

ఈ పద్ధతికి ఆద్యులు జార్జ్ ఫాక్స్. 1624లో లెస్టర్‌షైర్‌లోని ఒక పల్లెలో, నేతగాడి ఇంట పుట్టారు. కుర్రతనంలో చెప్పులు కుట్టేవాని దగ్గర పనికి కుదిరారు. అప్పుడు ఇంగ్లండులో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం జరుగుతున్నది. చర్చిలు కూడా ఒకదానితో ఒకటి కొట్లాడుతున్నాయి. ఫాక్స్ 1643లో, 19 ఏళ్ల వయసులో ఇల్లు విడిచారు. ఊరూరా తిరిగి పాస్టర్లను అడిగారు, పండితులను అడిగారు. మనసులోని వేదనకు ఎవరి దగ్గరా మందు దొరకలేదు. 1647 ప్రాంతంలో, బయటివాళ్లందరి మీద ఆశ వదులుకున్న స్థితిలో, క్రీస్తు తన లోపలే నేరుగా మాట్లాడగలడన్న అనుభవం కలిగిందని ఆయన చెప్పుకున్నారు. నడుమ ఎవరూ అక్కరలేదన్నమాట. 1650లో డెర్బీలో దైవదూషణ నేరం మోపి జైల్లో వేశారు. దేవుని మాట ముందు వణకండి అని న్యాయాధికారులకు ఫాక్స్ చెబితే, వాళ్లలో ఒకరు ఎగతాళిగా ‘వణికేవాళ్లు’ అని పేరు పెట్టారు. క్వేకర్ అంటే అదే. తిట్టుగా వచ్చిన ఆ పేరును వాళ్లు నెమ్మదిగా తమదిగా చేసుకున్నారు. 1652 వేసవిలో ఉత్తర ఇంగ్లండులోని ఫర్‌బ్యాంక్ గుట్ట మీద దాదాపు వెయ్యి మంది ముందు ఫాక్స్ మాట్లాడారు. సమాజం నిజంగా రూపు కట్టింది అప్పటినుంచే. ఆ తొలి తరంలో ఎక్కువమంది చిన్న రైతులు, చేతివృత్తులవాళ్లు, కొట్లు నడుపుకునేవాళ్లు.

వాళ్ల నమ్మకం ఒక్క మాటలో చెప్పదగ్గది: ప్రతి మనిషిలోనూ దేవుని వెలుగు ఉంది. చదువుకున్నవాళ్లలో, చదువు లేనివాళ్లలో, మంచివాళ్లలో, నేరం చేసినవాళ్లలో కూడా. యోహాను సువార్త మొదటి అధ్యాయంలోని వెలుగును వాళ్లు ఇలా అర్థం చేసుకున్నారు. తక్కినవన్నీ దీన్నుంచి వచ్చినవే. వెలుగు అందరిలో ఉంటే దేవునికీ మనిషికీ మధ్య పూజారి ఎందుకు? కాబట్టి జీతం తీసుకునే పాస్టరు లేరు. బాప్తిస్మం లోపల జరగవలసిన మార్పు, దానికి నీళ్లు అవసరం లేదు. ప్రతి భోజనమూ ప్రభువును తలచుకునేదే, దానికి ప్రత్యేకమైన రొట్టె అవసరం లేదు. అన్ని రోజులూ దేవునివే, కాబట్టి తొలి క్వేకర్లు క్రిస్మస్‌ను కూడా పండుగగా పాటించలేదు. ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. సంస్కారాల అర్థాన్ని వాళ్లు కాదనలేదు. ఆ అర్థం ఒక తంతులో ఇరుక్కుపోతుందేమోనని భయపడ్డారు.

బైబిలును గౌరవిస్తారు, చదువుతారు. అయితే ఆ గ్రంథాన్ని రాయించిన ఆత్మే చదివే మనిషిలోనూ పనిచేస్తేనే అది అర్థమవుతుందని అంటారు. విశ్వాస ప్రమాణం అనే పాఠం వాళ్లకు లేదు. ‘నేను నమ్ముచున్నాను’ అంటూ అందరూ కలిసి వల్లించేది ఏదీ ఉండదు. దాని బదులు బ్రిటన్‌లోని క్వేకర్లకు ‘సలహాలు, ప్రశ్నలు’ అనే చిన్న పుస్తకం ఉంది. 42 అంశాలు. వాటిలో చాలా భాగం మనిషి తనను తాను వేసుకోవలసిన ప్రశ్నలు. ఒక మతం తన నమ్మకాన్ని ప్రశ్నల రూపంలో రాసుకోవడం అరుదు, అది గమనించదగ్గ విషయం.

అందరిలో వెలుగు ఉందన్న మాటను వాళ్లు వీధిలోకి తెచ్చారు. కష్టాలు అక్కడే మొదలయ్యాయి. గడి ముందు నుంచి నడిచేటప్పుడు చెప్పులు చేతపట్టుకుని, తలగుడ్డ తీసి, ‘బాంచెన్ దొరా’ అనవలసి వచ్చిన కాలం ఉత్తర తెలంగాణ పల్లెల్లో ముసలివాళ్లకు ఇంకా గుర్తే. 17వ శతాబ్దపు ఇంగ్లండులో అలాంటి మర్యాద టోపీ తీయడం. జడ్జి ముందు, జమీందారు ముందు టోపీ తీయాలి. క్వేకర్లు తీయలేదు. ప్రార్థనలో దేవుని ముందు మాత్రమే తీస్తామన్నారు. ఆనాటి ఇంగ్లీషులో పెద్దవాళ్లకు బహువచనం, చిన్నవాళ్లకు ఏకవచనం వాడేవారు. క్వేకర్లు అందరికీ ఏకవచనమే వాడారు. 1670లో విలియం పెన్, విలియం మీడ్ అనే ఇద్దరు క్వేకర్లను వీధిలో ప్రసంగించినందుకు లండన్ కోర్టుకు తెచ్చారు. కోర్టు వాళ్లే వాళ్ల తలల మీద టోపీలు పెట్టించి, ఆ తర్వాత తీయలేదని జరిమానా వేశారు. జ్యూరీ మాత్రం వాళ్లను దోషులుగా తేల్చడానికి ఒప్పుకోలేదు. జ్యూరీ సభ్యులను తిండీ నీళ్లూ లేకుండా నిర్బంధించినా మాట మార్చలేదు. తీర్పు ఇచ్చినందుకు జ్యూరీని శిక్షించరాదన్న సూత్రం ఆంగ్ల న్యాయంలో నిలబడింది ఆ కేసు వల్లనే. పెన్ 1681లో అమెరికాలో పెన్సిల్వేనియా వలసకు రాజపత్రం పొంది, మత స్వేచ్ఛ ఉన్న నేలగా దాన్ని నిలపాలని చూశారు.

స్త్రీల విషయంలోనూ అంతే. మార్గరెట్ ఫెల్ అనే మహిళ ఇల్లు, స్వార్త్‌మూర్ హాల్, తొలి రోజుల్లో ఉద్యమానికి కేంద్రం. ఆరాధనలో స్త్రీలు మాట్లాడడం లేఖనాలకు విరుద్ధం కాదని వాదిస్తూ 1666లో, జైల్లో ఉండి, ఆమె ఒక పుస్తకం రాశారు. తర్వాత 1669లో ఫాక్స్‌ను పెళ్లి చేసుకున్నారు. బోస్టన్‌లో క్వేకర్లను నిషేధించిన చట్టాన్ని ధిక్కరించి మళ్లీ మళ్లీ అక్కడికి వెళ్లిన మేరీ డయర్‌ను 1660 జూన్ 1న ఉరి తీశారు. ఇంగ్లండులో 1689లో మత సహన చట్టం వచ్చేదాకా వేలమంది జైళ్లు చూశారు, వందలమంది అక్కడే చనిపోయారు. అంత కాలమూ వాళ్లు రహస్యంగా కూడుకోలేదు. తలుపులు తీసే కూర్చున్నారు. పెద్దవాళ్లందరినీ పట్టుకుపోయిన ఊళ్లలో పిల్లలే కూటమి నడిపిన సందర్భాలున్నాయి.

నిజం చెప్పడం వాళ్లకు ఇంకో నియమం. మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ప్రమాణాలు చేయవద్దని క్రీస్తు అన్నాడు కదా, మరి కోర్టులో బైబిలు పట్టుకుని ప్రమాణం ఎందుకని అడిగారు. ప్రమాణం చేస్తేనే నిజం చెబుతామంటే, మిగతా వేళ అబద్ధం చెబుతామనే కదా అర్థం. దీని కోసం ఆస్తులు పోగొట్టుకున్నారు. చివరికి 1695 నాటి చట్టం వాళ్లకు ప్రమాణం బదులు గంభీరంగా ధ్రువీకరించే వీలు ఇచ్చింది. ఆంగ్ల న్యాయంలో అలా స్థిరపడిన ఆ దారి మన రాజ్యాంగంలోనూ ఉంది. శాసనసభ్యులు దేవుని పేరున ప్రమాణం చేయవచ్చు, దేవుని పేరెత్తకుండా ధ్రువీకరించనూ వచ్చు. వ్యాపారంలో కూడా క్వేకర్లు బేరం లేకుండా ఒకే ధర చెప్పేవారు. పసిపిల్లలను పంపినా మోసపోరన్న నమ్మకం జనంలో కలిగింది. విశ్వవిద్యాలయాల తలుపులు వాళ్లకు మూసి ఉండడంతో తెలివైన యువకులు వ్యాపారంలోకి వచ్చారు. బార్‌క్లేస్ బ్యాంకు, 1824లో బర్మింగ్‌హామ్‌లో జాన్ క్యాడ్‌బరీ తెరిచిన కొట్టు అలా పుట్టినవే. మన ఊళ్ల కిరాణా కొట్లలో కనిపించే చాక్లెట్ పేరు ఆ కొట్టుదే.

యుద్ధం విషయంలో 1661 జనవరిలో, కొత్తగా గద్దెనెక్కిన రాజు రెండో చార్లెస్‌కు ఒక ప్రకటన ఇచ్చారు. ఏ కారణానికైనా, ఎవరి కోసమైనా ఆయుధం పట్టబోమన్నది దాని సారం. దేవుని వెలుగు ఉన్న మనిషిని చంపడమెలా అన్నదే వాదం. ఆయుధం పట్టకపోవడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదని తర్వాతి తరాలు చూపించాయి. యుద్ధాల్లో అంబులెన్సులు నడిపారు, కరువుల్లో గంజి కేంద్రాలు పెట్టారు, ఓడిపోయిన దేశాల పిల్లలకు అన్నం పెట్టారు. 1947లో నోబెల్ శాంతి బహుమతి బ్రిటన్, అమెరికా క్వేకర్ల రెండు సేవాసంస్థలకు కలిపి వచ్చింది.

ఆరాధన తర్వాత క్వేకర్ల నుంచి అందరూ నేర్చుకోదగ్గది వాళ్లు నిర్ణయాలు తీసుకునే తీరు. పంచాయతీ వార్డు నుంచి సింగరేణి గుర్తింపు సంఘం దాకా మన దగ్గర ఏదైనా ఓటుతో తేలుతుంది. క్వేకర్లు ఓటు పెట్టరు. వ్యవహారాల కూటమి కూడా మౌనంతోనే మొదలవుతుంది, దాన్ని కూడా ఆరాధనగానే భావిస్తారు. క్లర్కు అని ఒకరుంటారు. అధ్యక్షుడిలా ఆయన తీర్పు చెప్పరు. విషయం ముందు పెడతారు. మాట్లాడదలచినవారు ఒకరి తర్వాత ఒకరు, నడుమ కొంత విరామం ఇచ్చి మాట్లాడతారు. ఒకరి మాటకు ఒకరు అడ్డురారు. ఎటువైపు ఎంతమంది అన్నది క్లర్కు లెక్కపెట్టరు. కూటమి మొత్తం ఏ దిక్కుకు కదులుతున్నదో వింటారు. దాన్ని అక్కడికక్కడే రాసి చదువుతారు. అందరూ సరే అంటే అది నిర్ణయం. ఒక్కరికి మనసు ఒప్పకపోయినా, ఆ ఒక్కరిలో నుంచే దేవుడు ఏదైనా చెబుతున్నాడేమో అని ఆగుతారు. కొన్నిసార్లు ఆ మనిషి, తనకు అంగీకారం లేకున్నా అడ్డుపడనని పక్కకు తప్పుకుంటారు. తేలకపోతే వచ్చే నెలకు వాయిదా.

ఈ పద్ధతికి పెద్ద లోపం ఆలస్యం. అమెరికాలో బానిసలను ఉంచుకోవడం తప్పని 1688లోనే జర్మన్‌టౌన్ క్వేకర్లు రాసిచ్చారు. ఆ కాగితాన్ని పై కూటములు పక్కన పెట్టాయి. ఎందుకంటే వాళ్లలోనే చాలామంది బానిసల యజమానులు. 18వ శతాబ్దంలో జాన్ వూల్మన్ అనే దర్జీ ఇంటింటికీ నడిచి, యజమానుల ముందు కూర్చుని, కోపం లేకుండా ఇదే మాట చెబుతూ పోయారు.  1758లో ఫిలడెల్ఫియా కూటమి ఆయన మాటవైపు తిరిగింది. 1776కు బానిసలను ఉంచుకున్నవాళ్లకు సభ్యత్వం లేదని తేల్చింది. మొదటి కాగితానికీ దీనికీ మధ్య 88 ఏళ్లు. అన్ని తరాల బానిసలకు ఆ ఆలస్యం ఖరీదైనది, దాన్ని క్వేకర్ల చరిత్ర దాచుకోకూడదు. అయితే ఒకసారి తేల్చుకున్నాక, బానిసలను ఉంచుకునే విషయంలో సమాజం చీలకుండా నిలబడింది. 1787లో లండన్‌లో బానిస వ్యాపార వ్యతిరేక సంఘం పెట్టిన 12 మందిలో 9 మంది క్వేకర్లే.

పెళ్లి కూడా మౌన ఆరాధనలోనే జరుగుతుంది. వధూవరులు లేచి, అందరి ముందు, ఒకరి చేయి ఒకరు పట్టుకుని తమ మాట తామే చెప్పుకుంటారు. పెళ్లి చేసే అయ్యగారు ఎవరూ ఉండరు. వచ్చినవాళ్లందరూ, పిల్లలతో సహా, ఒక పెద్ద పత్రం మీద సాక్షులుగా సంతకాలు పెడతారు.

మౌన పద్ధతి క్వేకర్లందరిదీ కాదని కొత్తవాళ్లు తెలుసుకోవాలి. 19వ శతాబ్దంలో అమెరికాలో సమాజం చీలింది. ఒక శాఖ పాస్టర్లను పెట్టుకుంది, పాటలు, ప్రసంగాలు తెచ్చుకుంది. ఆ శాఖ మిషనరీలు 1902లో కెన్యా వెళ్లారు. ఈనాడు ప్రపంచంలో క్వేకర్లు అందరికన్నా ఎక్కువ ఉన్న దేశం కెన్యా. అక్కడి ఆరాధన పాటలతో హోరెత్తుతుంది. కరీంనగర్ క్రైస్తవులకు అది బ్రిటన్ క్వేకర్ల మౌనం కన్నా దగ్గరగా అనిపించవచ్చు.

మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూర్ కాగజ్‌నగర్ మీదుగా ఢిల్లీ పోయే రైళ్లు నాగపూర్ దాటాక ఇటార్సీ చేరతాయి. భారతదేశంలో క్వేకర్ల పాత నెలవు ఆ చుట్టుపక్కలే. 1866లో ఇండియాకు వచ్చిన క్వేకరు మిషనరీ రాచెల్ మెట్‌కాఫ్ పని చివరికి నర్మద ఒడ్డున హోషంగాబాద్‌లో స్థిరపడింది. 19వ శతాబ్దం చివరి కరువుల్లో అనాథలైన పిల్లలను ఆ మిషన్ చేరదీసింది. దగ్గరలోని రసూలియాలో మిత్రుల గ్రామీణ కేంద్రం పెరిగింది. 1972లో ఆ కేంద్రం, కిశోర్ భారతి అనే సంస్థ కలిసి, ఆ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో పిల్లలు ప్రయోగాలు చేసి సైన్సు నేర్చుకునే కార్యక్రమం మొదలుపెట్టాయి. దేశంలో సైన్సు బోధన గురించి మాట్లాడేవాళ్లు నేటికీ దాన్ని తలచుకుంటారు. 1928లో మద్రాసు బెంటిక్ బాలికల పాఠశాలకు టీచరుగా వచ్చిన మార్జరీ సైక్స్ తర్వాత క్వేకరు అయ్యారు. శాంతినికేతన్‌లో పనిచేసి, గాంధీ మరణానంతరం సేవాగ్రామ్‌లో నయీ తాలీమ్ (గాంధీ విద్యా పద్ధతి) ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. భారత పౌరసత్వం తీసుకుని, ఇక్కడి క్వేకర్ల చరిత్ర రాశారు. అదే సేవాగ్రామ్ నుంచి 1951 మార్చిలో బయలుదేరిన వినోబా భావే ఆదిలాబాద్ మీదుగా నడిచి శివరాంపల్లి వచ్చారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూదానం మొదలైంది. ఆ ఉద్యమంలో వినోబాతో కలిసి నడిచినవారిలో రసూలియాలో పనిచేసిన క్వేకరు డొనాల్డ్ గ్రూమ్ ఒకరు.

కూటమికి మొదటిసారి వచ్చేవాళ్లు ఏ మతం వాళ్లైనా కావచ్చు. ఏ బట్టలతోనైనా రావచ్చు. మాట్లాడనక్కరలేదు, కానుక వేయనక్కరలేదు. ఒక్క వారం చూసి తేల్చుకోకుండా కొన్ని వారాలు కూర్చోమని మాత్రం చెబుతారు. సభ్యత్వం తీసుకోకుండా ఏళ్ల తరబడి వచ్చేవాళ్లున్నారు. వాళ్లను ‘హాజరయ్యేవాళ్లు’ అంటారు, ఎవరూ తొందర పెట్టరు. సభ్యత్వం కోరితే ఇద్దరు సభ్యులు ఇంటికి వచ్చి తీరుబడిగా మాట్లాడతారు. పరీక్ష ఉండదు, బాప్తిస్మం ఉండదు. దగ్గరలో కూటమి లేని ఊరైనా ఇబ్బంది లేదు. ఈ ఆరాధనకు భవనం అక్కరలేదు, పాస్టరు అక్కరలేదు, పై నుంచి అనుమతి అక్కరలేదు. ఇద్దరు ముగ్గురు ఒక ఇంటి వరండాలో, ఒక గంట, కలిసి కూర్చోగలిగితే చాలు. వేర్వేరు దేశాల క్వేకర్ల మధ్య సంబంధాలు చూసేందుకు 1937లో ఏర్పడిన మిత్రుల ప్రపంచ సంప్రదింపుల సమితి ఇప్పటికీ పనిచేస్తున్నది.